మొగ్గ దగ్గర కాపలా

ఒరేయ్ రఘూ,

రాత్రి పన్నెండున్నర. గ్రీన్‌హౌస్‌లో ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. టార్చికి ఎర్ర కాగితం చుట్టాను, ఆ వెలుగులో నా రాత నాకే ఆనడం లేదు. ఎదురుగా ఒక బెరడు ముక్క వేలాడుతోంది. దాని మీద పాకిన మొక్కకి ఒకే ఒక్క మొగ్గ. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. అది ఎన్ని గంటలకి విచ్చుకుంటుందో చూసి రాసుకోవడమే ఈ రాత్రి నా పని.

మొన్న ఫోన్లో "కొత్త మొక్కని కనిపెట్టావటగా, ఏ అడవులు పట్టుకు తిరిగావురా, జలగలు పట్టలేదా" అన్నావు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, అప్పట్నించీ నీకు ఉత్తరం బాకీ పడ్డట్టే ఉంది. జలగల్లేవు, అడవీ లేదు. ఆ మొక్క అడవినించి వచ్చి పదకొండేళ్ళయింది. ఇదే గ్రీన్‌హౌస్‌లో మూడో వరస చివర "బల్బోఫిల్లమ్, జాతి తెలీదు" అన్న చీటీ మెళ్ళో వేసుకుని వేలాడుతోంది. రోజూ దాని మీద నీళ్ళు చల్లింది నేనే. ఒకసారైతే ఆ కొక్కెం ఇంకోదానికి కావాల్సొచ్చి, దీన్ని తీసి పారేద్దామా అని కూడా అనుకున్నాను. కనిపెట్టడం అంటే అదీ.

నిజానికి పువ్వు పుయ్యని ఆర్కిడ్‌ని చూసి ఎవడూ ఏమీ చెప్పలేడు. ప్రపంచంలో ఆర్కిడ్ జాతులు దాదాపు 28,000 ఉంటాయి. అందులో ఒక్క బల్బోఫిల్లమ్ ప్రజాతిలోనే 2,000 పైచిలుకు. ఆకులు చూస్తే అన్నీ అప్పచెల్లెళ్ళే. ఒక సన్నటి తీగ, తీగ మీద శనగగింజల్లా వరసగా ఉబ్బెత్తు కణుపులు, ఒక్కో కణుపుకి ఒక్కో దళసరి ఆకు. నాది కూడా అంతే.

మనవాళ్ళు చెట్టు మీద ఇంకో మొక్క మొలిస్తే చాలు, బదనిక అనేస్తారు. నెత్తురు తాగేదాన్నీ, ఊరికే చోటు కోసం ఎక్కినదాన్నీ ఒకే గాటన కట్టేశారు. పాఠ్యపుస్తకాల్లో వృక్షోపజీవి అన్నారు. ఆ మాట వింటే చెట్టుని తిని బతుకుతుందేమో అనిపిస్తుంది, నాకెప్పుడూ నచ్చలేదు. ఇది అద్దె ఇవ్వని మాట నిజమే గానీ, ఇంటివాళ్ళ కంచంలో మాత్రం చెయ్యి పెట్టదు. వేళ్ళు బెరడుని పట్టుకుంటాయంతే, లోపలికి దిగవు. వాటి మీద వెలామెన్ అని తెల్లటి పొర ఒకటుంటుంది. అన్నీ చచ్చిన కణాలే, కానీ స్పాంజిలా నీళ్ళు పీల్చుకుంటుంది. ఎండినప్పుడు సున్నం కొట్టినట్టుండే వేరు, నీళ్ళు పడ్డ నిమిషానికి పచ్చబడుతుంది. ఇన్నేళ్ళయినా పిచికారీ కొట్టినప్పుడల్లా అది చూడ్డానికి ఒక్క క్షణం ఆగుతాను.

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున్నే తలుపు తియ్యగానే కంపు. ఎలక చచ్చిందనుకుని బల్లల కిందంతా వెతికాను. వాసన పట్టుకుని పోగా పోగా మూడో వరస చివర తేలాను. ఆకు కింద దాక్కుని రెండు పువ్వులు. ఎండిన నెత్తురు రంగు. ఒక్కోటి కందిగింజ కన్నా కాస్త పెద్దది. లెన్సు పట్టుకుని దగ్గరికి వంగాను, నా ఊపిరి తగిలిందో లేదో, పువ్వులో నాలుకలాంటి రేకు టపటపా ఊగింది. ఉలిక్కిపడ్డాను, పురుగనుకుని.

ఆ నాలుకే అసలు కథ. దాన్ని పెదవి అంటాం. ఈ ప్రజాతిలో చాలావాటికి ఆ పెదవి మడతబందు మీద బిగించిన తలుపులా అటూ ఇటూ ఊగుతుంది. కంపుకి వచ్చిన చిన్న ఈగ దాని మీద వాలి లోపలికి నడుస్తుంది. బరువు ఒక చోటు దాటగానే పెదవి చటుక్కున పైకి తిరగబడి, ఈగ వీపు పోయి పైనున్న స్తంభానికి కొట్టుకుంటుంది. మగభాగం, ఆడభాగం రెండూ కలిసిపోయి ఒకే కాడగా ఉంటాయి, దాన్నే స్తంభం అంటారు. దాని కొసన పుప్పొడి పొడిగా ఉండదు. గట్టి మైనపు ఉండల్లా ఉంటుంది. ఆ ఉండలు ఈగ వీపుకి అంటుకుంటాయి. ఇంకో పువ్వులోనూ అదే ఈగ అలాగే బోర్లా పడిందనుకో, పని అయిపోయినట్టే. ఈగకి దక్కేది చాలాసార్లు శూన్యం. మోసం కేసు పెట్టదగ్గ వ్యవహారం, నీకు అప్పజెప్తాను.

ఇక్కడ నీకో సంగతి చెప్పాలి, ఇంతకుముందు సిగ్గుపడి చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఇలాగే ఇంకో మొక్క పూసింది. అచ్చంగా కొత్తదే అనుకున్నాను. కొలతలు తీశాను, బొమ్మ వేశాను, వర్ణన సగం రాశాను, రాత్రిళ్ళు నిద్రపట్టక పేరు కూడా పెట్టేసుకున్నాను. తర్వాత హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల్ని కాగితాలకి అంటించి దాచే చోట, పాత షీట్లు తిరగేస్తుంటే ఒక పసుప్పచ్చబడ్డ కాగితం మీద అదే మొక్క. పువ్వు ఎండి నల్లగా, చితికిన ఈగలా ఉంది. అనుమతి తీసుకుని ఒక్క పువ్వు ఊడదీసి వేడినీళ్ళలో వేశాను. ఎండిన పువ్వుని అలా మరిగిస్తే మళ్ళీ ఉబ్బి రూపం తెచ్చుకుంటుంది, మా పనిలో ఇది రోజూ చేసేదే. మైక్రోస్కోపు కింద అది మెల్లగా విచ్చుకుంది. నేను నెల రోజులపాటు కొలిచిన పెదవే, అదే గాడి, అదే మచ్చ. నూరేళ్ళకి ముందే ఎవరో పేరు పెట్టి, బొమ్మ వేసి, దాచి పోయారు. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. నీకు ఫోన్ చేసి వేరే ఏదో సొల్లు మాట్లాడాను, గుర్తుందా?

అందుకే ఈసారి ఎనిమిది నెలలు ఒక్క ముక్క రాయకుండా పాతవే తిరగేశాను. నీకైతే ఇది చప్పున బోధపడాలి. స్థలం కొనేముందు దస్తావేజులు ఎంత వెనక్కి చూస్తావు? మేం 1753 దాకా చూడాలి. లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఆ ఏడాది వేసిన పుస్తకం నుంచే మొక్కల పేర్లు లెక్కలోకి వస్తాయి. ఎవరు ముందు పద్ధతి ప్రకారం అచ్చువేస్తే వాళ్ళ పేరే చెల్లుతుంది. తర్వాత వచ్చినవాడిది ఎంత అందమైన పేరైనా చెత్తబుట్టే.

ఈ వెనక్కి చూడ్డంలో ఆర్కిడ్లవాళ్ళని ఏడిపించినవాడు ఒకాయన ఉన్నాడు, హైన్రిచ్ గుస్తావ్ రైషెన్‌బాఖ్ అని జర్మన్. 19వ శతాబ్దంలో ఆర్కిడ్‌లకి ఆయన చెప్పిందే వేదం. ప్రపంచం నలుమూలల నుంచీ ఆయనకే పంపేవాళ్ళు, ఆయనే పేర్లు పెట్టేవాడు. 1889లో పోతూ పోతూ తన హెర్బేరియమంతా వియన్నా మ్యూజియానికి రాసిచ్చాడు. ఒక మెలిక పెట్టాడు: పాతికేళ్ళపాటు ఎవరూ తెరవకూడదు. లండన్‌లో క్యూ (Kew) అనే పేరున్న వృక్షశాస్త్ర తోటవాళ్ళ మీద కోపంతోనే అంటారు. మిగతావాళ్ళకి అసలు నమూనాలు చూసే దారి లేకపోయింది. ఆయన పేరు పెట్టిన మొక్కలకే మళ్ళీ మళ్ళీ కొత్త పేర్లు పెట్టుకుంటూ పోయారు. ఆ చిక్కుముళ్ళు విప్పడానికి పట్టిన కాలం చూస్తే, వీలునామా రాసేవాళ్ళ పక్కన నీలాంటివాడొకడు ఉండుంటే బాగుండేదనిపిస్తుంది. లేక నువ్వే ఆ మెలిక నేర్పేవాడివేమో.

సరే, తేలింది ఏమిటంటే, దీనికి దగ్గర చుట్టం ఒకటుంది. పది అడుగుల దూరాన్నుంచి చూస్తే రెండూ ఒకటే. తేడా అంతా మిల్లీమీటర్లలో. స్తంభం కొసన రెండు పక్కలా రెండు కోరలుంటాయి, స్టెలీడియా అంటారు. చుట్టానికి అవి పొట్టిగా ముక్కోణంలా ఉంటాయి, మాదానికి సూదుల్లా ముందుకి వంగి ఉన్నాయి. చుట్టానికి పెదవంతా నూగు. మాదానికి అంచు పొడుగునా మాత్రమే, కనురెప్ప వెంట్రుకల్లా ఒకే వరస. ఈ రెండూ అన్ని పువ్వుల్లోనూ ఇలాగే ఉన్నాయా అన్నదే ప్రశ్న. ఒక్క పువ్వులో ఉంటే అది వంకర, అన్నిట్లో ఉంటే జాతి. దీని ముక్కలు ఇంకో రెండు చోట్ల పెరుగుతున్నాయి, అవి పూసేదాకా ఆగాను. హెర్బేరియంలో గుర్తు తెలియనివాటి కట్టలో దొరికిన ఒక షీటు కూడా కలిసింది. అదైతే వేరే కొండ మీద, వేరే మనిషి ఎప్పుడో కోసింది. దాన్నీ మరిగించాను. సూదులున్నాయి. అప్పుడు కుర్చీలోంచి లేచాను.

అచ్చువేసేటప్పుడు ముఖ్యమైన ముక్క ఒకటే పేరా. "ఫలానా జాతిలాగే ఉంటుంది గానీ, ఇందులో, ఇందులో తేడా" అని చెప్పాలి. బడి సర్టిఫికెట్ల మీద పుట్టుమచ్చలు రాసేవాళ్ళు చూడు, అలాంటిది. 1935 నుంచి 2011 చివరిదాకా ఆ పేరా లాటిన్‌లో ఉండి తీరాలి. మా గురువుగారు లాటిన్ విభక్తులు కూడబలుక్కుంటూ కూర్చోవడం నాకు గుర్తు. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషైనా సరేనన్నారు. మిగతా వర్ణన మూడు పేజీలు, చదివేవాడు ఉండడు. ఆకు పొడవు, ఆకు వెడల్పు, తొడిమ పొడవు. వాసన దగ్గర మాత్రం మూడు రోజులు కొట్టుకున్నాం. నేను చచ్చిన ఎలక అన్నాను. కలిసి రాస్తున్నావిడ తడిసి ముగ్గిన గుడ్డ అంది. ఇంకో ఆయనకి అసలు వాసనే రాలేదు. చివరికి "దుర్వాసన" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాం. అంత జీవమున్న కంపుకి అంత చప్పటి మాట!

ఇంక నా మనసు కుదేలైన సంగతి. పేరు చెల్లాలంటే దానికి సాక్ష్యంగా ఒక నమూనా ఉండాలి, మూలనమూనా అన్నమాట. ఒక్కటే షీటు. ఆ పేరు ఆ షీటుకి తగిలించి ఉంటుంది, రేపు ఎన్ని వాదనలొచ్చినా దాన్ని చూసే తేలుస్తారు. అంటే పూసిన మొక్కని కొయ్యాలి. పదకొండేళ్ళు నీళ్ళు పోశాక, పూసిన ముక్కని నేనే కత్తెర పెట్టి కోశాను. ఒక పువ్వు సారాయిలో వేశాను. అందులో వేస్తే రంగు పోతుంది గానీ ఆకారం చెక్కుచెదరదు. రెండోది ఆకులతో, కణుపులతో సహా, మొక్కల్ని కాగితాల మధ్య అదిమి ఎండబెట్టే ప్రెస్సులో పెట్టాను. ముందు మరుగునీళ్ళలో ముంచి చంపాలి. నాకు మనసొప్పలేదు, అలాగే పెట్టేశాను.

మూడు వారాల తర్వాత కాగితాలు విప్పితే, ఎండి అట్టలా అయిన ఆకుల పక్కన, కణుపు అడుగునుంచి తెల్లటి మొలక! చీకట్లో, బరువు కింద, అచ్చు కాగితాల మధ్య, చుక్క నీళ్ళు లేకుండా. ఆర్కిడ్లవాళ్ళు ఇలాంటివి చెప్తే కోతలనుకునేవాణ్ణి. ఆ మొలకని దాని కణుపుతో సహా కోసి బెరడుకి కట్టాను, మిగతాది మర్యాదగా వేడినీళ్ళలో ముంచాను. సాక్ష్యం తారుమారు చెయ్యడం కిందికి వస్తుందేమో నువ్వే చెప్పాలి. ఇంకా సంతకాలు కాకముందే చేశాలే.

రెండుం పావు. లేచి నడుం విరుచుకుని వచ్చాను. మొగ్గలో మార్పు లేదు.

ఈ కాపలా ఎందుకో చెప్పలేదు కదూ. వ్యాసం పంపించాం, పరీక్షించినవాళ్ళు వెనక్కి పంపుతూ ఒక ప్రశ్న వేశారు: "పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుంది?" చూసుకుంటే మా ఎవ్వరికీ తెలీదు. సాయంత్రం తాళం వేసేటప్పుడు మొగ్గ, పొద్దున తలుపు తీసేసరికి పువ్వు. మధ్యలో ఏం జరుగుతోందో ఎవరు చూశారు? గుండె గతుక్కుమంది, ఎందుకంటే దీనికో పాత కథ ఉంది. న్యూ బ్రిటన్ అని పపువా న్యూ గినీలో ఒక దీవి. అక్కణ్ణుంచి ఎడ్ డి ఫోగెల్ అనే డచ్ ఆర్కిడ్ల పండితుడు ఒక బల్బోఫిల్లమ్‌ని నెదర్లాండ్స్‌లోని లైడెన్ తోటకి తెచ్చాడు. అది మొగ్గ తొడిగేది, విచ్చుకుంటుందనగా వాడిపోయేది. ఎన్నిసార్లైనా అంతే. ఆయన విసిగిపోయి మొక్కని ఇంటికి తీసుకుపోయి కాపలా కాశాడు. తీరా చూస్తే రాత్రి 10 ప్రాంతంలో పువ్వు తీరిగ్గా విచ్చుకుంది, మర్నాడు పొద్దున 10 ప్రాంతానికి ముడుచుకుపోయింది. వాడిపోయిన మొగ్గలనుకున్నవన్నీ పూసి ముగిసిన పువ్వులే. ఒక్క రాత్రి ఆయుష్షు. రాత్రి మాత్రమే పూసే ఆర్కిడ్ లోకానికి తెలియడం అదే మొదలు. 2011లో బల్బోఫిల్లమ్ నాక్టర్నమ్ అని పేరు పెట్టారు. తోటలో అందరి కళ్ళముందూ ఉంది, చూడాల్సిన వేళకి తలుపులేసుకుని ఇళ్ళకి పోయారంతే.

మాది పగలు కూడా తెరుచుకునే ఉంటుంది, కాబట్టి అంత గొప్పేం కాదు. అయినా వేళ తెలియాలి. పోయిన నెల ఒక మొగ్గ వచ్చింది. ఇలాగే కాపలా కూర్చుందామని అన్నీ సర్దుకున్నాను. ముందురోజు రాత్రి నత్త తినేసింది. తొడిమ మిగిలింది, బెరడు మీద వెండి చార మిగిలింది. పరీక్షించినవాళ్ళకి "నత్త తినేసినందున జవాబు ఆలస్యం" అని రాశాను. ఒప్పుకున్నారు. వాళ్ళకీ నత్తలున్నట్టున్నాయి.

తిరుగుళ్ళు లేవన్నానని అడవుల్లో తిరిగేవాళ్ళని తక్కువ చేస్తున్నాననుకోకు. వాళ్ళు తేకపోతే మాకు కుర్చీలున్నా దండగే. కానీ చూడు, మడగాస్కర్‌లో 2009లో ఒక గని కోసం పర్యావరణ సర్వే చేస్తూ ఒక ఆర్కిడ్‌ని కోశారు. దానికి సొలెనాంజిస్ ఇంప్రెడిక్టా అని పేరొచ్చింది 2024లో. పువ్వు 2 సెంటీమీటర్లే, దాని వెనక తేనె గొట్టం 33 సెంటీమీటర్లు! అలాంటి వింతకే చేతికందినప్పట్నించి పేరుపడేదాకా 15 ఏళ్ళు పట్టింది, నా ముదురెరుపు కందిగింజకి పదకొండేళ్ళంటే ఏం లెక్క. పేరులో చిన్న చమత్కారం ఉంది. 1862లో డార్విన్, అదే దీవి నుంచి వచ్చిన ఇంకో ఆర్కిడ్ పొడుగాటి గొట్టం చూసి, ఇంత పొడుగు తొండమున్న చిమ్మట ఒకటి అక్కడ ఉండి తీరాలన్నాడు. ఆయన పోయాక 1903లో ఆ చిమ్మటకి శాస్త్రీయంగా పేరు పెట్టారు, ముందే చెప్పినది అన్న అర్థంలో ప్రెడిక్టా అని. ఈ కొత్త ఆర్కిడ్‌ని మాత్రం ఎవరూ ముందే చెప్పలేదు, కనక ఇంప్రెడిక్టా.

మాదాని పేరు అడగకు. అచ్చయ్యేదాకా చెప్పకూడదు. చెప్పి, ఎవడో ఎక్కడో వాడేస్తే అది వర్ణన లేని ఒట్టి పేరు కింద తిరుగుతూ గందరగోళం చేస్తుంది. నీ పేరు పెట్టమన్నావు చూడు, పెట్టొచ్చు, నియమం అడ్డురాదు, చివర ఒక లాటిన్ తోక తగిలిస్తే సరిపోతుంది. కానీ చచ్చిన ఎలక కంపు కొట్టే పువ్వుకి నీ పేరు పెడితే మీ ఆవిడ ఎలాగూ ఒప్పుకుంటుంది, నువ్వు ఒప్పుకోవు.

ఊరు కూడా అడగకు. ఇది మాత్రం వేళాకోళం కాదు. 1999లో వియత్నాం ఆర్కిడ్ ఒకదానికి పాఫియోపెడిలమ్ వియత్నమెన్సె అని పేరొచ్చింది. అందమైన పెద్ద పువ్వు. పేరొచ్చిన కొద్ది ఏళ్ళకే అమ్ముకునేవాళ్ళు ఎగబడి వేళ్ళతో సహా పెకలించుకుపోయారు, అడవిలో దాదాపు ఏమీ మిగల్లేదు. నా కందిగింజని కొనేవాడెవడు అంటావేమో. అరుదైనదంటే చాలు, కంపు కొట్టినా కొనేవాళ్ళుంటారు. అందుకే వ్యాసంలో ఏ దేశమో, ఎంత ఎత్తులోనో రాసి, ఏ కొండో దాచేశాం. షీటు మీద ఉంటుంది, బీరువాలో.

మూడూ ఇరవై. బొటనవేలంత నత్త ఒకటి కుండీ అంచు మీద కనిపించింది. దాన్ని తీసుకెళ్ళి బయట గడ్డిలో వదిలేసి వచ్చాను. చంపుదామనే బయల్దేరాను, కొమ్ములు చాచి చూసింది, మానేశాను.

మూడూ ముప్పై ఐదు. తొడిమ నిన్నటికీ ఇవాళ్టికీ సగం చుట్టు తిరిగింది, మొగ్గలో పైనుండే పెదవి ఇప్పుడు కిందికొచ్చింది. ఆర్కిడ్లు చాలావరకూ విచ్చుకునేముందు ఇలా తలకిందులై సర్దుకుంటాయి. పక్క రేకుల మధ్య సన్నటి గీత కనిపిస్తోంది. ఇందాకటిదాకా లేదు.

మూడూ యాభై. గీత వెడల్పయింది. లోపల చీకటిగా ఉంది. వంగితే చాలా కొంచెంగా వాసన. ఇప్పుడు ఆవిడ ఇక్కడుంటే నవ్వును. తడిసి ముగ్గిన గుడ్డే.

కెమెరా తియ్యాలి, ఉంటాను.

నీ
శీను